పదిహేడు పలికిన గొంతు

మా బడిలో ఒక టీచరుకి పిల్లలు పెట్టిన పేరు ఫ్రిజ్. తలుపు తీస్తే లైటు వెలుగుతుంది, లోపలంతా చలే అని ఒక గడుగ్గాయి వివరణ కూడా ఇచ్చాడు. నేను వాడి చెవి మెలేశాను గానీ ఆ పేరు అబద్ధమని మాత్రం అనలేకపోయాను. నేను ఈ బడి లైబ్రేరియన్‌ని. ఇరవై ఆరేళ్ల సర్వీసు. నాకు పెట్టిన పేరు ‘ష్’. నా నోట్లోంచి ఎక్కువగా వచ్చే మాట అదే కాబట్టి నాకేమీ అభ్యంతరం లేదు.

ఆవిడ పెద్ద తరగతులకి సాహిత్యం చెబుతుంది. పదో తరగతి సిలబస్‌లో ఒక ప్రాచీన గ్రీకు కావ్యం ఉంది. యుద్ధం ముగిశాక ఒక రాజు పన్నెండు ఓడలతో, ఆరువందల మందితో ఇంటికి బయలుదేరి, పదేళ్లు సముద్రం మీద నానా అగచాట్లూ పడి, చివరికి ఒక్కడే ఇల్లు చేరే కథ. పదిహేనేళ్ల పిల్లల చేత దాన్ని చదివించడమంటే మాటలు కాదు. రెండో పేజీకి సగం మంది ఆవలిస్తారు, మూడో పేజీకి మిగతా సగం. అందుకని ఆవిడ ఆ పాఠం నిలబడి చెప్పదు. పిల్లల్ని గుంపులుగా విడదీసి తలా ఒక పని అప్పజెబుతుంది. క్లాసులో బెంచీలు నేలకి బోల్టులు వేసి బిగించినవి. నా లైబ్రరీలో టేబుళ్లు జరపొచ్చు. ఆ ఒక్క కారణానికి పన్నెండేళ్ల క్రితం వచ్చి నా నెత్తిన కూర్చుంది.

అప్పట్లో ఆవిడ వేరు. స్టీలు డబ్బా మూతను రిబ్బనుతో నుదుటికి కట్టుకుని, ఒంటికన్ను రాక్షసుడి వేషంలో నా బీరువాల మధ్య పిల్లల్ని తరిమేది. గొర్రెల పొట్టకింద వేలాడుతూ తప్పించుకుపోయిన నావికుల్లా వాళ్లు నా టేబుళ్ల కిందనుంచి పాక్కుంటూ పోయేవారు. టేబుళ్ల మీద గమ్ము, కుర్చీల మీద రంగు, నేలంతా కాగితం ముక్కలు. నేను రోజూ గొడవ పెట్టుకునేదాన్ని.

“అక్కా, ఈ ఒక్కసారికీ,” అనేది.

ఆ ఒక్కసారి పదేళ్లు సాగింది. పైకి చిటపటలాడినా, ఉన్నమాట చెప్పాలంటే, ఆ పీరియడ్ కోసం నేను గడియారం చూసుకునేదాన్ని.

రెండేళ్ల క్రితం, ఆవిడ ఎనిమిదో తరగతికి క్లాస్ టీచరుగా ఉన్నప్పుడు, ఆ పిల్లల్ని ఒక్కరోజు యాత్రకి తీసుకెళ్లాం. ముప్పై నాలుగు మంది క్లాసులో జ్వరం వచ్చి ఒక ఆడపిల్ల రాలేదు. మిగిలిన ముప్పై మూడు మందికీ పెద్దవాళ్లం ఇద్దరం, ఆవిడా నేనూ. బస్సు ఆగి మళ్లీ కదిలే ముందు పిల్లలు వరసగా ఎవరి రోల్ నంబరు వాళ్లు గట్టిగా పలకాలి. చివరి నంబరు దాకా వస్తేనే బస్సు కదులుతుంది. మా బడిలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఇది. దాని తెగులు కూడా ఎప్పటినుంచో ఉంది. క్లాసులో హాజరు వేసేటప్పుడు, ఇంకా రాని స్నేహితుడి నంబరు పక్కవాడు పలికేస్తాడు. ప్రాక్సీ కొట్టడం అంటారు. ఈ సంగతి తెలియని టీచరు ఉండదు. దొరికితే ఒక మొట్టికాయ, దొరక్కపోతే అదీ లేదు.

తిరుగు ప్రయాణంలో పెద్ద రోడ్డు పక్కన పెట్రోలు బంకు దగ్గర పావుగంట ఆగాం. సాయంత్రం అయిదు దాటింది. నేను ముందు సీట్లో, వాంతులు చేసుకుంటున్న ఒక పిల్లకి కవరు పట్టుకుని కూర్చున్నాను. వెనక నంబర్లు మొదలయ్యాయి. పదహారు, పదిహేడు, పద్దెనిమిది, అన్నీ వినిపించాయి. కానీ పదిహేడో నంబరు పిల్లవాడు బస్సులో లేడు. రోడ్డుకి అవతల కొట్టులో జడ క్లిప్పులు కొంటున్నాడు. జ్వరం వచ్చి ఇంట్లో ఉండిపోయిన పిల్ల వాడి కవల చెల్లెలే. బస్సు కదలడం చూసి వాడు పరుగెత్తుకుంటూ రోడ్డు దాటాడు. లారీ ఆగలేకపోయింది.

విచారణ జరిగింది. నంబర్లు పలికించారా అని అడిగారు. పలికించానంది. అన్నీ పలికాయా అని అడిగారు. పలికాయంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. టీచర్లు పద్ధతి ప్రకారమే నడుచుకున్నారనీ, పిల్లవాడు నంబరు పలికాక ఎవరికీ చెప్పకుండా మళ్లీ బస్సు దిగి ఉంటాడనీ కాగితం వచ్చింది. దాని నకలు ఒకటి వాళ్లింటికి కూడా పంపారు.

తర్వాత కొన్ని నెలలకి, లైబ్రరీలో ఇద్దరమే కూర్చుని అట్టలు కత్తిరిస్తుంటే, ఆవిడ కత్తెర ఆపకుండానే అంది.

“అక్కా, పదిహేడు అన్న గొంతు వాడిది కాదు.”

“మరెవరిది?”

“వాడి స్నేహితుడిది. నాకు అప్పుడే తెలిసింది. వెధవ, బాత్రూమ్ దగ్గర ఉండుంటాడు, పరుగెత్తుకుంటూ వచ్చేస్తాడులే అని నవ్వుకున్నాను. పద్దెనిమిది అన్నారు, పందొమ్మిది అన్నారు. నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ తర్వాత వెనక సీట్లో ఎవరో కొట్టుకుంటుంటే వాళ్లని విడదీయడానికి వెళ్లాను. వాడి సంగతి మర్చిపోయాను.”

విచారణలో ఎందుకు చెప్పలేదని అడిగాను. పలికినవాడికి పదమూడేళ్లు, చెబితే వాడి బతుకేం కావాలి అంది. ఆ మాటలో నిజం ఉంది. ఆవిడ ఉద్యోగం పోతుందన్న భయం కూడా అందులోనే ఉంది. ఏది ముందో, ఏది వెనకో ఆవిడకే తెలిసేది కాదనుకుంటాను. ఇక నేను అన్న మాట కూడా రాయాలి కదా. “పోనీలే, పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు, ఇంకెక్కడా అనకు,” అన్నాను. నేనే అన్నాను, నా నోటితోనే.

ఆవిడ ఇంకెక్కడా అనలేదు. ఆ మాటే కాదు, ఏ మాటా పెద్దగా అనలేదు. బడికి వచ్చేది, చెప్పాల్సింది చెప్పేది, వెళ్లేది. చీర నలిగేది కాదు, పేపర్లు దిద్దడం ఆలస్యమయ్యేది కాదు. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు, ఇరుకు వంటగది, కిటికీ బయట పక్కింటి గోడ. పొయ్యి మీద పాలు పొంగి, గిన్నె మాడి, గదంతా పొగ కమ్మింది. ఆవిడ ఆ పొయ్యి ముందే నిలబడి ఉంది. వాళ్లాయన పరుగెత్తి స్టవ్ కట్టేశాడు. కళ్లజోళ్ల షాపులో పని ఆయనకి, సరదా మనిషి.

“చూశారా అక్కా, ఊళ్లో వాళ్లందరికీ చూపు తెప్పిస్తాను, మా ఆవిడకి మాత్రం నేను కనపడను,” అన్నాడు.

ఆవిడ నవ్వింది. నవ్వాల్సిన చోట నవ్వింది, అంతే. నన్ను సాగనంపడానికి మెట్ల దాకా వచ్చినప్పుడు ఆయన మొహంలో సరదా లేదు. “ఏడిస్తే ఓదార్చొచ్చు. తిడితే పడొచ్చు. ఏదీ చెయ్యదు. నేనేం చెయ్యాలి అక్కా?” అని అడిగాడు. నాకు కారణం తెలుసు. తెలిసి కూడా, కాలమే మాన్పుతుందని ఏదో పనికిమాలిన మాట చెప్పి మెట్లు దిగాను.

ఈ ఏడు ఆ పిల్లలు పదో తరగతికి వచ్చారు. హెడ్మాస్టరు ఆవిణ్ణి పిలిచి, కావాలంటే ఈ సెక్షన్ ఇంకొకరికి ఇస్తానన్నాడు. ఫరవాలేదండీ అంది. రిజిస్టర్‌లో పదిహేడో గీత ఖాళీగా ఉంచారు. పదహారు తర్వాత పిల్లలు సరాసరి పద్దెనిమిది పలికేవారు. చెల్లెలు ముందు బెంచీలో కూర్చునేది. నల్లగా, సన్నగా, గడ్డం కొంచెం పైకెత్తి చూసే పిల్ల. ఆ నంబరు పలికిన స్నేహితుడు చివరి బెంచీలో, కిటికీ పక్కన. ఒకప్పుడు వాడి నోరు మూయించడానికి మనిషిని పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు వాడికి పిల్లలు పెట్టిన పేరు మ్యూట్.

గ్రీకు కావ్యం మొదలైంది. ఆవిడ దగ్గర పాత చెప్పుల డబ్బా ఒకటి ఉంది. ఏ గుంపు ఏం చేయాలో, ఎన్ని నిమిషాలు చేయాలో కార్డుల మీద ఎప్పుడో రాసి పెట్టుకుంది. ఆ కార్డులు తీసి చదివింది, డబ్బా మూత పెట్టింది. రాక్షసుడి వేషం వేయలేదు.

మొదటి గుంపు గోడకి అట్ట తగిలించి, గుండుసూదులు గుచ్చి, ఊలు దారంతో రాజు తిరిగిన దారి చుట్టాలి. రెండో గుంపు రాక్షసుడి ఊళ్లో పత్రిక నడపాలి. ‘అతిథికి ఆశ్రయమిస్తే కన్ను పొడిచాడు: గొర్రెల కాపరి ఆవేదన’ అని మొదటి పేజీ వార్త రాశారు. ఈ వయసు వాళ్లకి రాక్షసుడి పక్షం దొరికితే ఇక పట్టపగ్గాలు ఉండవు. మూడో గుంపుది రాణి పని. రాజు రాడనుకుని పెళ్లికి ఎగబడ్డ వాళ్లని ఆపడానికి, ఈ బట్ట నేయడం పూర్తయ్యాకే పెళ్లి అని చెప్పి, పగలు నేసిందాన్ని రాత్రి విప్పుకుంటూ పోయింది ఆ రాణి. పిల్లలు అట్టముక్కకి దారాలు కట్టి ముప్పై నిమిషాలు నేయాలి, చివరి పది నిమిషాలు విప్పాలి.

“ఇదేం పని టీచర్? చేసిందంతా మేమే పాడుచేసుకోవాలా?” అని ఒక పిల్ల గోలపెట్టింది.

“రాణి మూడేళ్లు చేసింది. మీరు మూడు రోజులు చెయ్యండి,” అంది.

ఏటా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఒకప్పుడు ఈ జవాబు చెప్పేటప్పుడు తనే ఒక దారం లాగి పారిపోయేది, పిల్లలు వెంటపడేవారు. ఈసారి కూడా మాట అదే. పిల్లలు తల దించుకుని విప్పుకున్నారు.

నాలుగో గుంపుది చివరి వారం పని. కోర్టు. ఆరువందల మందిని వెంటపెట్టుకెళ్లి ఒక్కడే తిరిగొచ్చిన రాజు మీద, తిరిగి రానివాళ్ల ఇళ్లవాళ్లు కేసు వేస్తారు. కార్డు మీద నియమాలు మూడు. అడిగేవాళ్లే రాజుగా ఎవరు కూర్చోవాలో ఎంచుకుంటారు. కుర్చీలో కూర్చున్నవాళ్లకి జవాబు తోచకపోతే ఎవరైనా వచ్చి భుజం తట్టొచ్చు, అప్పుడు వాళ్లు లేచిపోవాలి, తట్టినవాళ్లు కూర్చుని జవాబు చెప్పాలి. జడ్జి బయటి మనిషి అయి ఉండాలి. ఆ బయటి మనిషిని ప్రతిసారీ నేనే. ప్రతిసారీ రాజుని నిర్దోషిగా వదిలేశాను. బెల్లు కొట్టే లోపు టేబుళ్లు సర్దించుకోవాలి కదా, శిక్షలు వేస్తూ కూర్చుంటే ఎలా?

“ఈసారికి కోర్టు వదిలెయ్ తల్లీ,” అన్నాను.

“కార్డులో ఉంది కదక్కా.”

“కార్డు రాసింది నువ్వేగా, చింపెయ్.”

ఆవిడ కార్డుని అటూ ఇటూ తిప్పింది. “ఆ పిల్ల నిన్న స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. ఇళ్లవాళ్ల గుంపులో వెయ్యమని అడిగింది.”

“ఏమైనా తెలిసి అడిగిందంటావా?”

“ఏమో.”

“మరి ఒప్పుకున్నావా?”

“అడగనీ అక్కా.”

ఏదో రొట్టె మీద జామ్ రాయమన్నంత తేలిగ్గా అంది. నాకు ఒళ్లు మండింది. నువ్వు రాయివై కూర్చున్నావు సరే, మిగిలిన వాళ్లకి రక్తం ఉంది అని అరవాలనిపించింది. అరవలేదు. అసలు భయం నా గురించే కావచ్చు.

శుక్రవారం చివరి పీరియడ్. టేబుళ్లన్నీ గోడలకి జరిపారు. మధ్యలో ఒక కుర్చీ, ఎదురుగా ఇళ్లవాళ్ల గుంపు, పక్కన నాకో స్టూలు. మిగతా పిల్లలు కింద కూర్చున్నారు. ఆవిడ బీరువాకి ఆనుకుని నిలబడింది. చెల్లెలు చేతిలో పుస్తకంతో లేచింది.

“రాజుగా ఎవరు కావాలి?” అని ఆవిడ కార్డు చూసి అడిగింది.

“వాడు,” అని ఆ పిల్ల మ్యూట్ వైపు వేలు చూపించింది.

పిల్లలు కిసుక్కుమన్నారు, నోరు విప్పని రాజు దొరికాడని. వాడు కదల్లేదు. పక్కవాళ్లు నెడితే వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

కావ్యంలో ఒక కుర్రవాడి ప్రస్తావన ఉంది. రాజు పరివారంలో అందరికంటే చిన్నవాడు. ఒక దీవిలో, మేడ మీద ఆదమరిచి నిద్రపోయాడు. పొద్దున్నే అందరూ బయలుదేరుతున్న హడావుడికి దిగ్గున లేచి, నిచ్చెన మాట మరిచి, పైనుంచి పడి చనిపోయాడు. వాడు రాలేదన్న సంగతి చూసుకోకుండా ఓడ వెళ్లిపోయింది. ఉన్నది కొద్ది పంక్తులే. ఆ పేజీ వచ్చినప్పుడల్లా ఆవిడ, తర్వాత చూద్దాం అని రెండేళ్లుగా దాటేస్తూ వచ్చింది. ఆ పిల్ల సరిగ్గా ఆ పేజీ తెరిచి చదివింది. పుస్తకం మూసి, “నేను వాడి అమ్మను,” అంది.

ఎవరూ కిసుక్కుమనలేదు.

“రాజుగారూ, ఓడ కదిలే ముందు మనుషుల్ని లెక్కపెట్టుకున్నారా?”

“పెట్టాను,” అన్నాడు వాడు. నెలల తర్వాత వాడి గొంతు విన్నాను. బొంగురుపోయి, పెద్దమనిషి గొంతులా ఉంది.

“అందరూ ఉన్నారా?”

“ఉన్నారు.”

“నా కొడుకు కూడా?”

వాడు మోకాళ్ల మీద చేతులు రుద్దుకున్నాడు.

“నా కొడుకు ఓడెక్కి, ఎవరికీ చెప్పకుండా మళ్లీ దిగిపోయాడని మా ఇంటికి కాగితం పంపారు. ఈ పుస్తకంలో అలా లేదు. వాడు ఎక్కి దిగాడా రాజుగారూ?”

పుస్తకంలో కాగితం ఎక్కడుంది అని ముందు వరసలో ఎవడో గొణిగాడు. వాడి పక్కవాడు మోచేత్తో పొడిచాడు. అప్పటికి సగం మందికి అర్థమైంది. జడ్జిని కదా, ఆపాల్సింది నేనే. స్టూలు మీదే కూర్చుండిపోయాను.

ఆవిడ బీరువా దగ్గర్నుంచి వచ్చింది. వాడి భుజం మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టింది.

“లే నాన్నా,” అంది.

వాడు లేచాడు. ఆవిడ కూర్చుంది. కొంగు సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ పిల్ల మొహంలోకి చూస్తూ చెప్పింది.

“లెక్కపెట్టాను. సరిగ్గా పెట్టలేదు. నీ కొడుకు ఎక్కి దిగలేదు. అసలు ఎక్కనే లేదు. వాడి నంబరు ఇంకొకరు పలికారు. ఆ గొంతు వాడిది కాదని నాకు అప్పుడే తెలుసు. వచ్చేస్తాడులే అనుకుని నవ్వి ఊరుకున్నాను. బస్సు కదిలింది. తర్వాత నన్ను అడిగినప్పుడు, అన్ని నంబర్లూ పలికాయని చెప్పాను.”

ఓడ అనాల్సిన చోట బస్సు అంది. ఎవరూ దిద్దలేదు.

“ఎవరి గొంతు?” అని అడిగింది ఆ పిల్ల.

“అది చెప్పను. లెక్క చూసుకోవడం నా పని. పలికినవాడి పని కాదు.”

“నాది,” అన్నాడు వాడు. గోడకి జరిపిన టేబులు అంచు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. “నేనే పలికాను. లేటుగా వస్తే టీచర్ తిడతారని పలికాను.”

ఆ పిల్ల వాడి వైపు తిరగలేదు. “తెలుసు,” అంది. “నువ్వు కాకపోతే ఇంకెవరు పలుకుతారు? వాడు ప్రైమరీ నుంచీ లేటే. నీకంటే ముందు వాడి నంబరు నేనే పలికేదాన్ని, గొంతు లావు చేసి. నాకు జ్వరం రాకపోయుంటే ఆ రోజు కూడా నేనే పలికేదాన్ని.”

వాడు టేబులు మీద తల వాల్చేశాడు. అప్పటిదాకా నిలకడగా ఉన్న ఆ పిల్ల గొంతు ఆవిడ వైపు చూసేసరికి పగిలింది.

“కానీ టీచర్, ఆ కాగితం వచ్చినప్పటినుంచీ మా నాన్న వాణ్ణి తిడుతున్నాడు. చెప్పిన మాట వినని వెధవ, దిగొద్దంటే దిగి చచ్చాడు అని. అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ. అమ్మ లేచి వెళ్లిపోతుంది. మీకు తెలిసీ చెప్పలేదు.”

“తెలిసీ చెప్పలేదు.”

“అయితే ఇవాళ మా ఇంటికి రండి. ఇప్పుడు నాకు చెప్పింది మా నాన్నకి చెప్పండి.”

బెల్లు కొట్టింది. ఎప్పుడూ బెల్లు కొట్టక ముందే సంచులు తగిలించుకునే పిల్లలు, కొట్టాక కూడా కూర్చునే ఉన్నారు. వెళ్లండమ్మా అని నేనే అన్నాను. ఆవిడ నా టేబులు దగ్గర కూర్చుని, జరిగింది జరిగినట్టు ఒకటిన్నర పేజీ రాసింది. కొట్టివేతలు లేవు. కింద నేను కూడా, ఈ విషయం నాకు ఏడాదిన్నరగా తెలుసు అని రాసి సంతకం చేశాను. హెడ్మాస్టరు అప్పటికే వెళ్లిపోయాడు. కాగితాన్ని ఆయన టేబులు మీద పేపర్‌వెయిట్ కింద పెట్టాం. రేపటినుంచి ఉద్యోగాలు ఉంటాయో ఊడతాయో ఇద్దరం అనుకోలేదు.

ఆ పిల్ల గేటు దగ్గర నిలబడి ఉంది. ముగ్గురం నడిచాం. పదిహేను నిమిషాల దారి, మందుల షాపు మీదుగా, సైకిళ్ల రిపేరు కొట్టు మీదుగా. ఆవిడ మొహంలో నేనెంత వెతికినా ఏమీ కనపడలేదు. బస్సు కోసం నిలబడ్డ మనిషి మొహంలా ఉంది.

తండ్రి దర్జీ. ఇంటి ముందు గదే కొట్టు. చుట్టూ బట్టలు, గోడకి టేపు, మధ్యలో మిషను. మమ్మల్ని చూసి మిషను ఆపి, కుర్చీ మీది బట్టలు తీసి, కూర్చోండి అన్నాడు. ఆవిడ కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, కోర్టులో చెప్పిందంతా అదే వరసలో, అదే గొంతుతో చెప్పింది. లోపలి గదిలోంచి తల్లి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

తండ్రి అరుస్తాడనుకున్నాను. చెయ్యి ఎత్తినా ఎత్తుతాడని ఆవిడకి కొంచెం దగ్గరగా జరిగాను. ఆయన అరవలేదు.

“మళ్లీ చెప్పమ్మా,” అన్నాడు.

“మీ వాడు బస్సు ఎక్కి దిగలేదండీ. ఎక్కనే లేదు. ఎవరి మాటా కాదనలేదు. నేనే చూసుకోలేదు.”

“చెప్పిన మాట వినక దిగలేదా?”

“లేదండీ.”

ఆయన అలాగే మిషను మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. కోపం తెచ్చుకుందామని ప్రయత్నించినట్టే ఉంది, కానీ అది రాలేదు.

“రెండేళ్లుగా తిడుతున్నాను వాణ్ణి,” అన్నాడు. “నోటికి ఎంత మాట వస్తే అంత మాట అన్నాను. ఇప్పుడు వాడికెలా చెప్పుకోవాలి?”

ఆ మాట ఆవిణ్ణే అడిగాడు. టీచరు కదా, జవాబు తెలిసే ఉంటుందన్నట్టు ఆవిడ మొహంలోకి చూస్తూ అడిగాడు. ఆవిడ ఏదో చెప్పబోయింది. ఆ గుమ్మంలోనే, కత్తిరించిన గుడ్డపేలికల మధ్య కూలబడి, రెండేళ్లలో మొదటిసారి, చిన్నపిల్లలు ఏడ్చినట్టు పెద్దగా ఏడ్చింది.